అమ్మ పాటలు ఇంట్లో రికార్డ్ చేస్తున్నా, గది మోత పోవట్లేదు. మైకు మార్చాలా?

కృష్ణలంక కుర్రాడు:

నమస్తే అందరికీ. మాది విజయవాడ, కృష్ణలంక. ఉద్యోగం వేరే, రికార్డింగ్ అనేది రెండేళ్ళ నుంచి పట్టుకున్న హాబీ. మొదట్లో నా గిటారు, ఫ్రెండ్స్ పాడిన కవర్లు చేసేవాడిని, ఇప్పుడు మా అమ్మ పాటలు మొదలుపెట్టా. అమ్మకి 66 ఏళ్ళు, పుట్టిల్లు కోనసీమలో రాజోలు దగ్గర. తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, గొబ్బి పాటలు, లక్ష్మీ హారతులు, మేలుకొలుపులు, ఒక లాంగ్ నోట్‌బుక్ నిండా రాసుకుంది, లెక్కపెడితే 120 దాకా ఉన్నాయి. అన్నీ మా అమ్మమ్మ దగ్గర, పెద్దమ్మల దగ్గర విని నేర్చుకున్నవే. సంగీతం నేర్చుకోలేదు కానీ చిన్నప్పటి నుంచి పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని విని పెరిగిన చెవి, శ్రుతి తప్పదు.

నా దగ్గర ఉన్నది ఒక యూఎస్‌బీ కండెన్సర్ మైకు, మామూలు ల్యాప్‌టాప్, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. 10 బై 11 బెడ్‌రూమ్, కింద టైల్స్. ప్రాబ్లమ్స్ ఏంటంటే, ఎలా పాడించినా ఖాళీ గదిలో పాడినట్టు గుంయ్ మని మోత వస్తుంది, ఫ్యాన్ ఆపితే అమ్మకి చెమటలు, వేస్తే హోరు, బస్టాండు దగ్గరే కాబట్టి హారన్లు. తంబూరా వినిపించే శ్రుతి యాప్ ఫోన్లో పెడితే అది కూడా రికార్డ్ అయిపోతుంది. పై స్థాయికి వెళ్ళినప్పుడు ఒక్కోసారి గొంతు పగిలినట్టు వస్తుంది, అమ్మ గొంతు కాదు, రికార్డింగే. అన్నిటికంటే పెద్దది, వంటింట్లో పాడేటప్పుడు ఎంత బాగుంటుందో మైకు ముందు కూర్చోగానే అంత బిగుసుకుపోతుంది.

15,000 దాకా పెట్టగలను. మంచి మైకు కొంటే సగం సమస్యలు పోతాయా? ఇది సరదా కోసం చేస్తున్నదే అయినా ఈ ఒక్క పని మాత్రం సరిగ్గా చేయాలని ఉంది, ఎందుకంటే ఈ పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ రావు.

బొంతల స్టూడియో:

బ్రో, ముందు ఆ 15,000 జేబులోనే ఉంచు. మైకు మారిస్తే ఆ మోత పోదు, ఇంకా మంచి మైకు అయితే ఆ మోతని ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. నీ గదికి నాలుగు పక్కలా సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్స్, ఆరు వైపులా గట్టి తలాలే, అమ్మ పాడిన మాట నేరుగా ఒకసారి, గోడలకి కొట్టుకుని పదిసార్లు మైకులోకి వస్తుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టు, చప్పట్ల వెనకాల టింగ్ మని తోక వినిపిస్తుంది చూడు, అదే నీ శత్రువు.

డబ్బులు పెట్టకుండా చేయగలిగింది మొదట దూరం. నువ్వు మైకు ఎంత దూరంలో పెడుతున్నావో చెప్పలేదు కానీ టేబుల్ మీద పెట్టి అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఉంటావు, మూడడుగులు ఉంటుంది. దాన్ని జానెడుకి తీసుకురా. దూరం సగం చేసిన ప్రతిసారీ నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) పెరుగుతుంది, గది మోత మాత్రం ఎక్కడైనా దాదాపు అంతే ఉంటుంది. మూడడుగుల నుంచి జానెడుకి వస్తే రెండుసార్లు సగం అయినట్టు, అంటే 12 డీబీ లాభం. ఇంత లాభం ఏ మైకు కొన్నా రాదు. నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, ముక్కు ఎత్తులో పెట్టి నోటి వైపు వంచు, అప్పుడు ప, బ, భ లు ఫట్ మని కొట్టవు. మరీ బెత్తెడు దూరంలోకి తీసుకెళ్ళకు, అంత దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బిపోయి గొంతు మొద్దుగా వస్తుంది.

ఇంక గది. కోడిగుడ్ల ట్రేలు అంటించమని ఎవరైనా చెప్తే వినకు. అది పల్చటి అట్ట. ఒక అంగుళం ఫోమ్ షీట్లు కూడా అంతే, స, శ లాంటి సన్నటి శబ్దాల్ని పీలుస్తాయి కానీ ఆడవాళ్ళ గొంతు ఆధార షడ్జమం, అంటే పాటకి ఆధారమైన స, ఉండేది 200 హెర్ట్జ్ దగ్గర, ఆ అల పొడవు 1.7 మీటర్లు, అంగుళం ఫోమ్ దాన్ని ఏం ఆపుతుంది? ఫోమ్ ఒక్కటే పెడితే గది ఇంకా చెడుతుంది, పైన అంతా చచ్చి కింద మాత్రం గుంయ్ మంటుంది. బరువు, మందం కావాలి. దూది పరుపు ఉంటే అమ్మ వెనకాల గోడకి నిలబెట్టు, ఎందుకంటే మైకు చూసేది అటువైపే, అమ్మ దాటి వెళ్ళిన శబ్దం ఆ గోడకి కొట్టుకుని తిరిగి మైకులోకే వస్తుంది. రెండు పక్కలా బట్టలారేసే స్టాండు మీద బొంతలు వేలాడదీయి, గోడకి అంటించకుండా ఒక అడుగు ఖాళీ వదులు, అలా వదిలితే అదే బొంత ఇంకా కింది శబ్దాల్ని కూడా లాగుతుంది. కింద బొంత లేదా తివాచీ. టేబుల్ మీద మైకు పెడితే టేబుల్ కూడా అద్దంలాగా శబ్దాన్ని తిప్పికొడుతుంది, దాని మీద మడతపెట్టిన టవల్ వెయ్యి. గదిలో ఇనప బీరువా ఉంటే తలుపుల మధ్య కాగితం మడిచి దోపు, ఒక స్వరం దగ్గర అది జుయ్ మని వణుకుతుంది, మా ఇంట్లో అది ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టడానికి నాకు నెల పట్టింది.

హారన్లకి మందు లేదు. బయటి శబ్దం ఆపాలంటే గోడలే కట్టాలి. తెల్లవారుజామున నాలుగున్నరకి చెయ్యి. ఫ్యాన్ ముందు వేసి గది చల్లబరిచి, పాట పాడే నాలుగు నిమిషాలు ఆపి, మళ్ళీ వెయ్యి.

తంబూరా తీగ:

నేను గాత్రం నేర్పిస్తాను, మా పిల్లల పాటలు ఇంట్లోనే రికార్డ్ చేసి వాళ్ళకే వినిపిస్తుంటాను. పైన తమ్ముడు గది గురించి చెప్పింది అంతా నిజం, నేను పాడే మనిషి గురించి చెప్తాను.

అమ్మగారు బిగుసుకుపోవడానికి సగం కారణం కుర్చీ. ఆవిడ ఆ పాటలు జీవితంలో ఎప్పుడైనా కుర్చీలో కూర్చుని పాడి ఉంటారా? కింద చాప మీద, లేదంటే పీట మీద కూర్చోబెట్టండి, ఒళ్ళో ఆ నోట్‌బుక్ పెట్టండి. మైకు స్టాండు పొట్టిది తీసుకోండి, లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చి ఎత్తు సరిచేయండి. మీరు ఎదురుగా కూర్చుని స్క్రీన్ చూస్తూ ఉంటే పరీక్షలాగా ఉంటుంది. రికార్డ్ నొక్కేసి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోండి, ఒక అరగంట ఆపకండి. మాట్లాడించండి, ఈ పాట ఎవరి పెళ్ళిలో పాడారు, అప్పుడు తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారు, వదినగారు ఏం తీసుకుని వదిలింది, అని అడగండి. మాటల్లోంచి పాటలోకి వాళ్ళే వెళ్తారు. తర్వాత పాట వరకు కత్తిరించుకోవచ్చు, ఆ మాటలు కూడా దాచండి.

శ్రుతి గురించి. ఆ యాప్ స్పీకర్లో పెట్టొద్దు. గొంతుతో పాటు శ్రుతి కూడా ఒకే ట్రాక్‌లో పడితే రెండు టేకులు అతికించలేరు, అతుకు పడ్డచోట తంబూరా ఎగిరిపడినట్టు తెలిసిపోతుంది. ఒక చెవిలో వైరు ఇయర్‌ఫోన్ పెట్టి అందులో సన్నగా శ్రుతి ఇవ్వచ్చు, రెండో చెవి ఖాళీగా ఉండాలి, లేకపోతే ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించి పాడలేరు. మీ యూఎస్‌బీ మైకుకే ఇయర్‌ఫోన్ గుంట ఉంటే అందులోంచి వినండి, గొంతు ఆలస్యం లేకుండా వినిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అస్సలు వద్దు, ఆలస్యంగా వినిపించి తాళం పాడవుతుంది.

కానీ నా అభిప్రాయం అడిగితే, పెళ్ళి పాటలకి, గొబ్బి పాటలకి శ్రుతే వద్దు. ఆ పాటలు పుట్టింది శ్రుతి పెట్టెతో కాదు. పాట మొదట్లో ఒక్కసారి శ్రుతి వినిపించి ఆపేయండి, సాధారణంగా ఆడవాళ్ళకి శ్రుతి పెట్టె లెక్కలో 5 లేదా ఐదున్నర శ్రుతి బాగుంటుంది, పై స్థాయిలో అవస్థ పడుతుంటే 5 కి దించండి. పాట చివరికి అర స్వరం పైకి జరిగినా జరగనివ్వండి. క్లిక్ ట్రాక్ (తాళానికి టిక్ టిక్ మని వినిపించేది) అయితే ఆలోచన కూడా చేయొద్దు. ఆ పాటల్లో నడక మాటని బట్టి సాగుతుంది, ఆగుతుంది, మెట్రోనోమ్ పెట్టి కొలిస్తే ఆ సొగసంతా పోతుంది.

బొంతల స్టూడియో:

అక్కా, శ్రుతి లేకుండా అయితే తర్వాత వెనకాల తంబూరా గానీ వీణ గానీ కలపడం కుదరదు కదా, ఆ అవకాశం ఉంచుకుంటే మంచిది కదా అని నా ఉద్దేశం. హారతులకి, మేలుకొలుపులకి అయినా ఇయర్‌ఫోన్‌లో శ్రుతి ఇస్తే బాగుంటుంది.

తంబూరా తీగ:

హారతులకి సరే, ఒప్పుకుంటున్నాను. ఇయర్‌ఫోన్ అలవాటు కాకపోతే చిన్న స్పీకరు మైకు వీపు వెనకాల పెట్టండి, కార్డియాయిడ్ మైకు వెనక వైపు శబ్దం తక్కువ తీసుకుంటుంది. సన్నగా, వినపడీ వినపడనట్టు. తలుపు దగ్గర పాటలకి మాత్రం వద్దు.

లంక గ్రామం:

ఒక్క మాట చెప్పి వెళ్తాను. మా నాయనమ్మ దంపుళ్ళ పాటలు ఫోన్లో రికార్డ్ చేసి మెసేజ్ యాప్‌లో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం, ఆ ఫోన్ పాడైపోయింది, అసలు ఫైల్ పోయింది. ఇప్పుడు నాయనమ్మ లేదు. మిగిలింది గ్రూపులో ఉన్న కుదించిన ఫైలు ఒక్కటే, అందులో రోకటి పోటు టప్ టప్ మని చచ్చినట్టు వస్తుంది, అసలు రికార్డింగులో ఆ దెబ్బకి రోలు మోగడం వినిపించేది నాకు బాగా గుర్తు. కాబట్టి అన్నా, కుదించని వేవ్ ఫైల్ దాచు, ఎంపీ3 మాత్రమే దాచకు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, మోనో చాలు, నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది. 120 పాటలు నాలుగేసి నిమిషాలు వేసుకున్నా 4 జీబీ చిల్లర. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఊళ్ళో ఉండే చుట్టాలింట్లో ఒకటి పెట్టు. ఎవరికైనా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపు, అప్పుడు కుదించదు.

మైకు మంచిదా కాదా అని చూస్తూ కూర్చోకు, మోత ఉన్నా సరే ఇప్పుడే చేసెయ్.

సర్క్యూట్ సుబ్బు:

గొంతు పగిలినట్టు వస్తుంది అన్నారు కదా, అది లెవెల్ ఎక్కువై క్లిప్ అవ్వడం, అంటే శబ్దం హద్దు దాటి అల కొనలు తెగిపోవడం. ఒకసారి క్లిప్ అయినది ఏ ప్లగిన్ వేసినా పూర్తిగా బాగుపడదు. అమ్మగారిని పాటలో అన్నిటికంటే పై స్థాయి చరణం పాడమని, అక్కడ మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో ఆ మోతాదు) తగ్గించండి. వేవ్‌ఫార్మ్ సన్నగా కనిపిస్తుందని భయపడొద్దు. 16 బిట్ రోజుల్లో నిండుగా రికార్డ్ చేయాల్సి వచ్చేది, 24 బిట్‌లో ఒక్కో బిట్‌కి 6 డీబీ చొప్పున లెక్కేస్తే కాగితం మీద 144 డీబీ జాగా ఉంది, తర్వాత పెంచుకుంటే ఏం కాదు.

విండోస్ అయితే మైకు సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, ఆపేయండి. ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో ఉండే ఈ నాయిస్ తీసేసే పద్ధతులన్నీ మాట కోసం చేసినవి, సాగదీసిన స్వరాన్ని హోరు అనుకుని తొక్కేస్తాయి, చాలామంది రికార్డింగుల్లో రాగం తీసే చోట గొంతు మాయమయ్యేది దీనివల్లే.

సన్నగా బుయ్ మనే హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ హమ్ 50 లోనో 100 లోనో కూర్చుంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డ్ చేయకండి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఫ్యాన్లు, లైట్లు అన్నీ సన్నగా గీపెడతాయి.

ఎడిటింగులో ముందు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్, అంటే దాని కింది శబ్దాల్ని తీసేసేది. 5 శ్రుతిలో మంద్ర పంచమం (కింది స్థాయి ప) అంటే 147 హెర్ట్జ్, ఆడగొంతు అంతకంటే కిందికి వెళ్ళడం తక్కువ, కాబట్టి 80 కింద ఉన్నదంతా లారీలు, లిఫ్టు, అడుగుల చప్పుడే, నిశ్చింతగా తీసేయచ్చు. నాయిస్ రిడక్షన్ కోసం ప్రతిసారీ పాట ముందు ఎవరూ కదలకుండా 10 సెకన్లు ఖాళీ గదిని రికార్డ్ చేయండి, ఆ ముక్కని ప్రొఫైల్‌గా ఇచ్చి 6 డీబీ తగ్గించండి. ఇంకా తగ్గిస్తే నీళ్ళలోంచి పాడినట్టు వస్తుంది. ఇదంతా కాపీ మీద చేయండి, అసలు ఫైల్ ముట్టుకోవద్దు.

ఇంత చేశాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు ఒక చిన్న ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు తీసుకోండి. డైనమిక్ మైకు గది మోతని వినదు అని అందరూ అంటారు, అది నిజం కాదు, దాన్ని దగ్గరగా పెట్టి పాడతారు కాబట్టి మోత తక్కువగా పడుతుంది. మీ దగ్గర ఉన్న మైకునే జానెడులో పెడితే చాలావరకు అదే పని అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు, ట్రాకులు ఎక్కువై ఇబ్బంది అయితే రీపర్ చూడండి, 60 రోజులు ట్రయల్ ఇస్తుంది.

కృష్ణలంక కుర్రాడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పది రోజులైంది, ఏం జరిగిందో చెప్తాను.

పరుపు ఎత్తి అమ్మ వెనకాల గోడకి నిలబెట్టా, రెండు పక్కలా మా అమ్మమ్మ కుట్టిన పాత చీరల బొంతలు స్టాండు మీద వేశా, కింద చాప, దాని కింద ఇంకో బొంత. చప్పట్లు కొడితే తోక లేదు. నిజంగా లేదు, నేను నాలుగైదుసార్లు కొట్టి చూసుకున్నా. మైకు జానెడులో పెట్టి గెయిన్ బాగా తగ్గించాను, ముందు రికార్డింగు పక్కన పెట్టి వింటే రెండూ ఒకే మైకు అంటే నేనే నమ్మలేకపోయా, అమ్మ పక్కన కూర్చుని పాడుతున్నట్టు ఉంది, మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది.

తంబూరా అక్క చెప్పినట్టు రికార్డ్ నొక్కేసి పక్కన కూర్చున్నా. మొదటి రోజు అరగంటలో ఇరవై నిమిషాలు మా పెద్దమ్మ పెళ్ళి కబుర్లే, తర్వాత ఒక్కసారిగా మూడు తలుపు దగ్గర పాటలు వరసగా పాడేసింది, అందులో ఒకటి నోట్‌బుక్‌లోనే లేదు. ఇప్పటికి 14 అయ్యాయి.

రెండు సందేహాలు. ఒకటి, అమ్మ చేతికి గాజులు, తాళం వేసేటప్పుడు గలగలమని మైకులో బాగా వస్తున్నాయి. తీసి పక్కన పెట్టమంటే తీయనంది. రుమాలు చుట్టమనాలా? రెండోది, అప్పగింతల పాట ఒకదాంట్లో రెండు చరణాలు అమ్మకి గుర్తు రావట్లేదు, మా పిన్నికి వచ్చు. పిన్ని ఊళ్ళోనే ఉంటుంది, ఫోన్లో పాడించుకుందామంటే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది.

సర్క్యూట్ సుబ్బు:

గాజుల చప్పుడు ఎడిటింగులో పోదు, గొంతు ఉన్న చోటే దాని గలగల కూడా ఉంటుంది. తాళం వేసే చేతికి రుమాలు చుట్టండి.

తంబూరా తీగ:

నేను వద్దంటాను. హారతి పాటకి, పెళ్ళి పాటకి గాజులే తాళం. చేయి ఒళ్ళో కాకుండా మైకుకి దూరంగా పక్కకి పెట్టి మోకాలి మీద వేయమనండి, గలగల తగ్గి సన్నగా వినిపిస్తుంది, అంతే చాలు. పిల్లలు పెద్దయ్యాక ఇది విని మా నాయనమ్మ చేతి గాజులు అంటారు, ఆ శబ్దం మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? మేలుకొలుపులకి కావాలంటే రుమాలు చుట్టండి.

పిన్నిగారి చరణాలు ఫోన్లో వద్దు. మైకు, ల్యాప్‌టాప్ తీసుకుని అమ్మగారితో కలిసి ఊరు వెళ్ళండి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే రెండు చరణాలు కాదు, ఇంకో పది పాటలు బయటికి వస్తాయి. ప్రతి పాట ముందు ఎవరు పాడుతున్నారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు, తారీఖు, ఇవి వాళ్ళ నోటితోనే చెప్పించండి. ఫైలు పేరు మారిపోవచ్చు, కాగితం పోవచ్చు, ఆ మాట మాత్రం పాటతోనే ఉంటుంది.

కృష్ణలంక కుర్రాడు:

గాజులు ఉంచేస్తున్నా అక్కా. ఈ శనివారం అమ్మా నేనూ రాజోలు బస్సు ఎక్కుతున్నాం. పిన్నిది పాత పెంకుటిల్లు, ముందు అరుగు, మధ్యలో నడవ, వెనకాల ధాన్యం బస్తాలు పెట్టుకునే చిన్న కొట్టు గది. ఎక్కడ కూర్చోబెడితే బాగుంటుంది? అరుగు మీద అయితే వాళ్ళకి హాయిగా ఉంటుంది.

బొంతల స్టూడియో:

అరుగు మీద కాకులు, మోటార్ సైకిళ్ళు, ఎవరో ఒకరు పలకరించడం. కొట్టు గదే. బస్తాలు రెండు గోడల వెంట నడుం ఎత్తు దాకా పేర్చి ఉంటే అంతకంటే మంచి గది నువ్వు డబ్బులిచ్చినా కట్టించలేవు, ధాన్యం మందంగా ఉంటుంది, గోనె గరుగ్గా ఉంటుంది, శబ్దం అందులోకి వెళ్తే తిరిగి రాదు. పైన పెంకుల సందుల్లోంచి కూడా మోత బయటికి పోతుంది. ఇద్దరినీ బస్తాలకి వీపు ఆనించి పక్కపక్కనే కూర్చోబెట్టు, ఒకే మైకు ఇద్దరి మధ్యలో జానెడున్నర దూరంలో పెట్టు, గట్టిగా పాడేవాళ్ళని కొంచెం వెనక్కి జరుపు. ముందు ఖాళీ గది 10 సెకన్లు మర్చిపోకు. ధాన్యం దుమ్ముకి దగ్గు వస్తుంది, వెళ్ళగానే ఆ గది ఊడ్పించి, కాసేపు తలుపు తీసి ఉంచమను.